సగం మండిన తీపి

రాత్రి రెండున్నర. పెద్దాసుపత్రిలో రక్తపరీక్షల గది.
కిటికీ చువ్వల మీద రేవు నుంచి ఎగిరొచ్చిన బొగ్గుపొడి.
తుడిచిన చెయ్యి మళ్ళీ కడుక్కుని
గాజుపలక మీద ఒక చుక్కని పలచగా లాగాను.
"అంచు ఈకలా ఉండాలి పిల్లా, లేకపోతే దొంగ దొరకడు"
అనేవారు నాకు పని నేర్పిన పోలారావు గారు.

కొర్రా గురుబారి. ఏడేళ్ళు. పెదబయలు అవతల ఊరు.
ఘాటీ దిగి అంబులెన్సులో వచ్చింది,
తెలివి లేకుండా.
వేలికొన గుచ్చితే ముడుచుకోలేదు.
మీటరు ఇరవై ఎనిమిది చూపించింది.
పాడైందేమోనని నా వేలు గుచ్చి చూశాను:
రెండొందల డెబ్బై.
మీటరు మంచిదే.

గిమ్సా రంగులో పలక నానాలి, ఇరవై నిమిషాలు.
ఈ ఇరవై నిమిషాలూ ఏం చెయ్యాలో నాకెప్పుడూ తెలీదు.
గుమ్మం పట్టుకుని వాళ్ళమ్మ నిలబడింది.
"రెండ్రోజులై మెతుకు ముట్టలేదమ్మా.
ఒంట్లో తీపి అయిపోనాదంట.
మరెవులు తిన్నారు?"

ఎవరు తిన్నారో
నూనెచుక్క కింద కనిపించారు.
ఎర్రకణాల్లో ఉంగరాలు, ఊదారాయి పొదిగినవి,
ఒక్కోదాంట్లో రెండేసి,
తాకట్టు కొట్టు బీరువా తెరిచినట్టు.

ఎలా తింటుందో తెలుసు. పరీక్షకి బట్టీ పట్టాను,
తర్వాత ఇరవై రెండేళ్ళు చూశాను.
గోడకి తూట్లు పొడిచి చక్కెరని లోపలికి లాగుతుంది.
వచ్చింది పారిపోకుండా
దానికో ఫాస్ఫేటు మొలతాడు కడుతుంది.
ఆరు కర్బనాల ముక్కని అచ్చుబెల్లంలా మధ్యకి విరుస్తుంది,
మూడూ, మూడూ.
పెట్టుబడి రెండు, చేతికొచ్చేది నాలుగు,
మిగిలేది రెండు.
రెండంటే రెండు ఏటీపీలు.
అదే ముక్కని గాలి తగలనిచ్చి చివరిదాకా కాలిస్తే
ముప్ఫై దాకా వచ్చేవి.
కాల్చదు.
ప్రాణవాయువు మోసే బండిలోనే కూర్చుని
ఆ సరుకుని దాదాపు ముట్టుకోదు.
సగం మండిన కట్టెని పక్కకి విసిరి
ఇంకోటి అందుకుంటుంది.
ఇంకోటి. ఇంకోటి.
మంచి కణం ఒకటి తినేచోట ఇది యాభై,
ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

తప్పు పట్టలేను.
దాని చేతిలో ఉన్నది నలభై ఎనిమిది గంటలు.
పొదుపు నేర్చుకునే తీరిక లేదు.
ఎర్రకణం మాత్రం? కొలిమి లేని ఇల్లు.
అదీ ఇలాగే రెండు రెళ్ళతో నూట ఇరవై రోజులు నెట్టుకొస్తుంది.
పేదింట్లో పడిన దొంగ.

విసిరేసిన కట్టెలన్నీ లాక్టికామ్లమై
రక్తం పులుస్తోంది.
ఆ పులుపుని బయటికి ఊదడానికే
వార్డులో గురుబారికి ఆ ఎగశ్వాస,
హనుమంతవాక ఎత్తు ఎక్కే లారీలా.

పీజీ డాక్టరు నస్రీన్ డెక్స్‌ట్రోజు పెట్టింది.
ఆ సీసా మీద ఎవరి పేరూ రాసి ఉండదు.
మెదడూ తాగుతుంది, అదీ తాగుతుంది.
"రెంటికీ మనమే పెడుతున్నాం కదమ్మా" అన్నాను.
"ముందు పిల్ల లేవాలి ఆంటీ.
చుట్టం సంగతి ఆర్టిసునేటు చూసుకుంటుంది" అంది,
చెప్పు తెగితే చేత్తో పట్టుకుని
వట్టికాలితో పరుగెడుతూ.

నాలుగింటికి నలభై ఒకటి. ఐదున్నరకి తొంభై.
డాల్ఫిన్ కొండ మీద దీపం ఆరే వేళకి
పిల్ల కళ్ళు తెరిచి ఏదో అందట.
వాళ్ళమ్మ పరుగున వచ్చింది, "చోడంబలి అడగతంది."
ఇప్పుడు చోడంబలి ఎక్కడ?
పూర్ణామార్కెట్ దగ్గర ఒకామె బండి పెడుతుంది,
ఎనిమిదింటికి గాని రాదు.

ఇంకో పలక లాగాను. ఉంగరాలు ఇంకా ఉన్నాయి.
లెక్క తగ్గింది. కొన్ని నలిగి, రంగు వెలిసి.
రిజిస్టరులో అంకె వేశాను.

క్యాంటీను కుర్రాడు టీ తెచ్చాడు,
మరిచిపోయి పంచదార వేశాడు.
గ్లాసు పట్టుకుని కాసేపు కూర్చున్నాను.
తాగాను.